ఇంజన్ దొరకి రాసిన సన్మాన పత్రం

మా ఎస్టేటులో సన్మాన పత్రాలు రాసేది నేనే. మలయాలో తెలుక్ ఆన్సన్ దగ్గర రబ్బరు ఎస్టేటు మాది. నేను అక్కడ రెండో కిరాణీని, అంటే ఆఫీసు గుమాస్తాని. దొర వచ్చినా, వెళ్ళినా ఇంగ్లీషులో ఓ పేజీ పొగడ్త రాసి, పటం కట్టించి, మెడలో దండవేసి చదవడం మావాళ్ళ ఆచారం. సముద్రమంత దయ, మేరువంత ధైర్యం... ఎవరికైనా అవే మాటలు. పేరొక్కటే మార్చేవాణ్ణి. ఆ పటాల్ని దొరలు ఏం చేసుకునేవారో నేనెప్పుడూ అడగలేదు.

ఇంజన్ దొరకి మాత్రం నిజం రాశాను. కొంప ముంచింది అదే.

ఆయన మా ఫ్యాక్టరీలో యంత్రాలు చూసే ఇంగ్లీషువాడు. యుద్ధం అయ్యాక వచ్చాడు. యాభై దాటిన మనిషి, విరిగి అతికిన ముక్కు, దూలంలాంటి మెడ. అడవుల్లోంచి కమ్యూనిస్టు గెరిల్లాలు దాడిచేసే ఎమర్జెన్సీ రోజులు కదా, పోలీసు ఎస్కార్టు లేకుండా రబ్బరు లారీ గేటు దాటడానికి లేదు. ఆ ఎస్కార్టు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. లారీ కాగితాలు పట్టుకుని నేనూ, మసిగుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఆయనా ముళ్ళకంచె పక్కన కూర్చునేవాళ్ళం. అలాంటి మధ్యాహ్నాల్లోనే తన రగ్బీ సంగతి నాకు ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

రెండు యుద్ధాల మధ్య ఉత్తర ఇంగ్లండులో ఓ బొగ్గుగనుల ఊరి జట్టుకి ఆడాడట. జట్టుకి పదమూడు మంది. శనివారం పొద్దున్న గనిలో దిగడం, మధ్యాహ్నం పైకొచ్చి మొహం కడుక్కుని మైదానానికి పరుగెత్తడం. ఆడినందుకు డబ్బిచ్చేవారు, గెలిస్తే ఇంకొంచెం. భుజం ఎముక రెండుసార్లు విరిగింది. ఆస్ట్రేలియా వెళ్ళే దేశపు జట్టుకి ఎంపికయ్యాక మోకాలు పోయింది, ఓడ ఎక్కనేలేదు. ఇదంతా పంపు రిపేరు గురించి చెప్పినట్టే చెప్పేవాడు.

మెర్దెకా దగ్గర పడింది. స్వాతంత్ర్యం పండగకి జిల్లా జట్టు ఒకటి రగ్బీ ఆడాలని దొరల క్లబ్బువాళ్ళు అనుకున్నారు. మలయ్ కుర్రాళ్ళు, పోలీసులు, తోటల దొరలు కలిసిన జట్టు. దానికి ఆట నేర్పే పని ఇంజన్ దొరకి ఇచ్చారు. ఆయన పళ్ళు కనబడేలా నవ్వడం నేను చూసింది అప్పుడే. రోజూ నాలుగు కొట్టేసరికి మైదానానికి తీసుకెళ్ళే క్లబ్బు జీపు కోసం గేటు దగ్గర నిలబడేవాడు.

మావాళ్ళు ఊరుకుంటారా? సన్మానం చెయ్యాల్సిందే అన్నారు. మా తెలుగు సంఘానికి పెద్ద, కూలీలపై మేస్త్రీ అయిన ముసలాయన నా బల్ల దగ్గరికి వచ్చాడు. దొర ఆట సంగతి నా నోటే విన్నాడు, ఊరి యాసకి మలయావాళ్ళ 'లా' తగిలించి మాట్లాడే మనిషి.

"సముద్రం, మేరువూ ఇంక సాలు బావూ. ఈ దొర ఏటి సేసినాడో అదే రాయి లా. డబ్బులిచ్చి మరీ ఆడించుకున్నారంటే ఎంత మొనగాడై ఉండాల!"

నాకూ న్యాయమే అనిపించింది. ఊరికే ఎవడైనా ఆడతాడు. జీతమిచ్చి పెట్టుకున్నారంటేనే కదా పనితనం. అదే పత్రం మొదట్లో రాశాను.

సభకి క్లబ్బు సెక్రటరీ కూడా వచ్చాడు. నేను గొంతెత్తి చదివాను. డబ్బు పుచ్చుకుని ఆడిన మేటి ఆటగాడు అన్నచోట మేస్త్రీ చప్పట్లు మొదలుపెట్టాడు, అందరూ అందుకున్నారు. సెక్రటరీ తల వంచుకుని తన బూట్ల వంక చూసుకున్నాడు. గౌరవం కొద్దీ అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఇంజన్ దొర మెడలో దండతో కదలకుండా నిలబడ్డాడు.

మూడోనాడు క్లబ్బునుంచి ఆయనకి ఉత్తరం వచ్చింది. తెచ్చి నా బల్లమీద పెట్టి చదవమన్నాడు. రగ్బీలో రెండు రకాలున్నాయని నాకు అప్పుడే తెలిసింది. క్లబ్బు దొరలది పదిహేనుమంది ఆట, అందులో డబ్బు ముట్టకూడదు. పదమూడుమంది ఆటలో ఒక్కసారి డబ్బు పుచ్చుకున్నవాడు జన్మలో ఇటు అడుగు పెట్టకూడదు, నేర్పనూ కూడదు. వెలి అంటే ఏమిటో మనకి ఒకరు చెప్పాలా! అయితే సెక్రటరీ ఓ దారి కూడా చూపించాడు. పత్రంలోది గుమాస్తా కల్పన అయితే ఒక్క వాక్యం రాసి పంపండి, సంగతి అంతటితో సరి.

సిగ్గుతో ఆయన మొహం చూడలేకపోయాను. వెంటనే టైపు చేశాను. ఆట సంగతులన్నీ నేను కల్పించినవి, మా పొగడ్తల ఆచారం అటువంటిది, దొరగారు ఏనాడూ డబ్బుకి ఆడలేదు. కింద నా సంతకం పెట్టి, ఆయన సంతకానికి చోటు వదిలాను.

ఆయన నిదానంగా చదివాడు.

"నీ ఇంగ్లీషు బాగుంది. దీనిమీద సంతకం పెడితే జట్టు నాకే ఉంటుంది. కానీ నేను ఆడనేలేదని అవుతుంది."

"కాగితం మీదే కదా సార్," అన్నాను.

"ఇంకెక్కడుంది? నా ఆట చూసినవాడు ఈ దేశంలో ఒక్కడూ లేడు."

నా కాగితం నాలుగు ముక్కలు చేసి, మిషనుకి కొత్తది ఎక్కించమన్నాడు. వాళ్ళు అడిగింది ఒక్క వాక్యం. ఆయన రెండు పేజీలు చెప్పాడు. పుట్టిన ఊరు, దిగిన గని, ఏ స్థానంలో ఎన్నేళ్ళు ఆడిందీ, ఓడిపోయిన ఫైనలు, విరిగిన ఎముకలు, ఎక్కని ఓడ, ఆటకి పుచ్చుకున్న కూలి. ఎక్కడా క్షమించమని లేదు.

బయట జీపు వచ్చి హారన్ కొట్టింది. ఆయన లేవలేదు.

"ఇంకొక్క ముక్క. నేను బాగా ఆడేవాణ్ణి అని రాయి."

టైపు చేశాను. సంతకం పెట్టి, జీపుని వెనక్కి పంపెయ్యమన్నాడు.