రెండున్నరకి ఆగిపోయే గుర్రం

ఆఫీసు లాప్‌టాప్ వెనక్కి తీసుకెళ్ళడానికి కొరియర్ అతను వచ్చిన రోజు, రిపేరుకి పంపుతున్నానని అత్తయ్యగారికి అబద్ధం చెప్పాను. అతను గుమ్మంలో నిలబడి "మేడమ్, ఛార్జర్ భీ దీజియే" అంటుంటే నా మొహం ఎలా ఉందో నాకే తెలియదు. ఆవిడ గోరుచిక్కుడుకాయల తొడిమలు తుంచుతూ తల కూడా ఎత్తలేదు. హమ్మయ్య అనుకున్నాను.

ఉద్యోగం పోయిందని మా ఆయనకి ఆ సాయంత్రమే చెప్పాను. మీ అమ్మకి మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. పెళ్ళయిన కొత్తలో ఉద్యోగం మానేయమన్నది ఆవిడే. మాననుగాక మానను అని నేను భీష్మించుకు కూర్చుంటే, నెల రోజులు ఇంట్లో మా ఇద్దరికీ మాటల్లేవు. తరవాత ఆవిడే మారిపోయి, ఢిల్లీ జనక్‌పురిలో మా వీధి వీధంతా "మేరీ బహూ, బహుత్ బడా ఆఫీస్" అని కోడలి గురించి గొప్పగా చెప్పుకుంటూ తిరిగారు. అంత పోట్లాడి నిలబెట్టుకున్నది పోయిందని ఆవిడ మొహం చూస్తూ చెప్పడం నా వల్ల కాదు. ఇంకో ఉద్యోగం వచ్చేదాకా ఎలాగోలా నెట్టుకొస్తే చాలనుకున్నాను.

అందుకని రోజూ పదింటికల్లా స్నానం చేసి, ఇస్త్రీ కుర్తా వేసుకుని, పడగ్గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకునేదాన్ని. ఎదురుగా కాలేజీ రోజుల నాటి పాత లాప్‌టాప్. ఉద్యోగాలకి అప్లై చేయడం పదకొండుకల్లా అయిపోయేది. ఆ తరవాత? కూర్చుంటే కాలు ఊగుతూనే ఉండేది. పడుకుంటే కళ్ళు మూతపడేవి కావు. ఐదు నిమిషాలకోసారి మెయిల్ చూసుకోవడం, ఏమీ రాలేదని తెలిసి కూడా ఇంకోసారి చూసుకోవడం. నన్ను చూస్తే నాకే చిరాకు.

హాల్లో మా ఆయన డెస్క్‌టాప్ ఉంది. ఆటల కోసమే కొనుక్కున్నాడు, ఆడేది మాత్రం ఆదివారాలే. మిగతా రోజులు పొద్దున్నే గురుగ్రామ్ ఆఫీసుకి పరిగెత్తాలి కదా. నా పాత లాప్‌టాప్‌కి ఆ ఆటలు నడిపే శక్తి లేదు. అయితే ఆట అక్కడ నడుస్తుంటే బొమ్మ వైఫైలో ఇక్కడికి వచ్చే ఏర్పాటు ఒకటుందని, ఓసారి ఆయనే చూపించాడు. అత్తయ్యగారు పూజలో ఉండగా డెస్క్‌టాప్ ఆన్ చేసి వచ్చేసేదాన్ని. ఇక నా గదిలో, నా ఒళ్ళోని లాప్‌టాప్‌లో, ఒక పిల్ల గుర్రమెక్కి మంచుకొండల్లో వెళ్తూ ఉండేది. బయట జూన్ నెల వడగాలి. కొంతసేపైనా నా కాలు ఊగడం ఆగేది.

ఒక్కటే భయం. ఇక్కడ నేను ఆడేదంతా అక్కడ హాల్లో మానిటర్ మీద కూడా కనిపిస్తుంది. దాన్ని ఆపేస్తే ఇక్కడికి ఆట రాదు, అదొక తిక్క. కానీ ఢిల్లీ దుమ్ముకి భయపడి అత్తయ్యగారు ఇంట్లో ప్రతి వస్తువుకీ పాత చీరలతో ముసుగులు కుట్టారు. టీవీకి, మిక్సీకి, మానిటర్‌కి. పక్కనున్న సీపీయూ డబ్బాకి కూడా కుట్టబోతే, "దానికి గాలాడాలమ్మా, వేడెక్కితే మొరాయిస్తుంది" అని మా ఆయన ఆపాడు. మానిటర్ మీద ఆకుపచ్చ చీర ముసుగు ఉన్నంతకాలం నాకేం ఢోకా లేదనుకున్నాను.

అయితే రోజూ మధ్యాహ్నం రెండున్నర దాటాక ఆట నత్తి కొట్టేది. గుర్రం ఒక అడుగు వేసి ఆగేది, మళ్ళీ రెండడుగులు గెంతేది. నాకు ఒళ్ళు మండిపోయేది. వైఫై అనుకున్నాను. కింది వాటా వాళ్ళ వైఫై అడ్డొస్తోందనుకుని వాళ్ళని కూడా తిట్టుకున్నాను. సెట్టింగులన్నీ మార్చి చూశాను. ఉద్యోగం ఎలాగూ పోయింది, కనీసం గుర్రమైనా సరిగ్గా నడవకూడదా? హాల్లోకి వెళ్ళి చూద్దామంటే గడియ చప్పుడవుతుంది, "మీటింగ్ అయిపోయిందా అమ్మా?" అని అత్తయ్యగారు అడుగుతారు. అదేం వింతో, నాలుగింటికి ఆవిడ టీ కప్పుతో తలుపు కొట్టేసరికి అంతా సర్దుకునేది.

ఇంత జరిగినా నేను ఏడవలేదు. ఆ ఒక్క విషయంలో నన్ను నేనే మెచ్చుకున్నాను. మధ్యాహ్నాలు కళ్ళు మండేవి, దుమ్మనుకున్నాను.

చివరికి వైఫైతో పని లేకుండా పొడుగాటి కేబుల్ వైరు తెచ్చి హాల్లోంచి నా గదిలోకి లాగాను. ఆఫీసు పనికి నెట్ సరిపోవట్లేదన్నాను. వైరు అడ్డం ఉండడంతో తలుపు పూర్తిగా పడేది కాదు, దగ్గరగా వేసి ఊరుకున్నాను. ఆ మధ్యాహ్నం కూడా సరిగ్గా రెండున్నర దాటగానే గుర్రం ఆగిపోయింది. హెడ్‌ఫోన్స్ పీకి మంచం మీద పడేసి విసురుగా బయటికి వచ్చాను.

అత్తయ్యగారు మానిటర్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. మానిటర్ ముసుగు తీసి, నాలుగు మడతలు పెట్టి, పక్కనున్న సీపీయూ డబ్బా నెత్తిన పెట్టారు. వేడి బయటికి పోయే జాలీ సరిగ్గా అక్కడే ఉంది. చెయ్యి పెడితే డబ్బా కాలిపోతోంది.

ఆవిడ తెర మీంచి చూపు తిప్పకుండానే అన్నారు, "గుర్రం మళ్ళీ ఆగిపోయిందేంటమ్మా?"

"ఎన్నాళ్ళ నించి చూస్తున్నారు?" అన్నాను.

"ఆ కొరియర్ భయ్యా వచ్చి పట్టుకెళ్ళిన వారం నించి. రిపేరుకైతే ఛార్జర్ కూడా ఎందుకిస్తాం?"

"తెలిసి కూడా రోజూ మీటింగ్ అయిందా అని అడిగారా?" కోపమో సిగ్గో, గొంతు పెద్దదైంది.

"నువ్వు చెప్పకూడదనుకున్నావు కదా, మరింకేం అడగను? కింది వాటా ఆంటీ వచ్చినా బహూ మీటింగ్ మే హై అనే చెప్తున్నాను."

"ఇందులో మీకేం అర్థమవుతుందని చూస్తున్నారు?"

"ఆట నాకేం తెలుస్తుంది? ఆ పిల్ల కదులుతుంటే నువ్వు లోపల బాగానే ఉన్నావనుకునేదాన్ని. ఆగిపోతేనే భయమేసేది. అసలే మధ్యాహ్నాలు ఏడుస్తావు."

"నేనా? నేనెప్పుడు ఏడ్చాను?"

"చెవులకి అవి తగిలించుకుంటే నీ ఏడుపు నీకెక్కడ వినపడుతుంది? నాకు ఇక్కడిదాకా వినపడుతుంది."

డబ్బా మీది ఆకుపచ్చ ముసుగు తీసి పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ లేచి, అది నా చేతిలోంచి లాక్కుని, దాంతోనే నా మొహం తుడిచారు. అది ఇంకా వేడిగానే ఉంది.