ప్రసన్నకుమారి బాకీ తీరిన వైనం

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు తిరిగే పల్లెవెలుగు బస్సులో ప్రసన్నకుమారి చాలా ఏళ్లుగా కండక్టరు. దారి పొడుగునా ఆమెకు తెలియని మనిషి లేదు. ఎవరి కూతురికి కాన్పు దగ్గరపడిందో, ఎవరి ఎద్దుకు జబ్బు చేసిందో టిక్కెట్టు కొడుతూనే అడిగి తెలుసుకునేది. డ్రైవరు మహేష్ ఆమెను అక్కా అని పిలుస్తాడు. అక్క బస్సులో ఉంటే పాటలు పెట్టుకోనక్కర్లేదని అంటుంటాడు.

అలాంటి మనిషి నాలుగేళ్లుగా మాట తగ్గించింది. కారణం బాకీ.

ఆమె భర్త దేవరాజుకు ఒక లారీ ఉండేది. క్వారీల నుంచి రాళ్లు తెచ్చి ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర దింపేవాడు. శనగల కాలంలో ఉయ్యాలవాడ రైతుల పంటను గోదాములకు తోలేవాడు. ఒక వానాకాలం గిద్దలూరు ఘాట్‌లో ఆ లారీ పల్టీ కొట్టింది. మనిషి దక్కాడు. కాలులో రాడ్డు వేశారు. లారీ తుక్కు కింద పోయింది, బీమా డబ్బు ఫైనాన్సు వాళ్లకే సరిపోయింది. ఆస్పత్రి ఖర్చుకని ఉయ్యాలవాడ పుల్లయ్య దగ్గర నోటు రాసిచ్చి తెచ్చిన మూడు లక్షలు మాత్రం మెడకు చుట్టుకున్నాయి. ఏడాది తిరగకుండా పుల్లయ్య కన్నుమూశాడు. ఆయన భార్య రామేశ్వరమ్మ ఆ నోటును పట్టుకుని ఆళ్లగడ్డలో ఎరువుల దుకాణం నడుపుకునే కొడుకు హరీష్ ఇంటికి వచ్చేసింది.

రామేశ్వరమ్మ చెడ్డ మనిషి కాదు. కానీ తన రూపాయి ఎక్కడుందో తెలియకపోతే ఆమెకు అన్నం సహించదు. నెల నెలా ప్రసన్నకుమారి వెళ్లి వడ్డీ ఇచ్చి వచ్చేది. వడ్డీ కడుతూ పోతే అసలు కదలదు, అసలు కదిలించాలంటే జీతం చాలదు. అందుకని డబుల్ డ్యూటీలు అడిగి చేయించుకునేది. పండగా లేదు, ఆదివారం చర్చిలో ఆరాధనా లేదు.

ఇంతలో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయింది. మంచిదే అయింది, ఆమె కాదనలేదు. చెల్లెలిని చూసి రెండేళ్లయిందన్న ముసలమ్మలు సంచీ పట్టుకుని బస్సెక్కుతుంటే చూడ ముచ్చటేసేది. కానీ బస్సులో ఊపిరి పీల్చుకోవాలంటే పక్కవాళ్లు వదలాలి. ఒక్కొక్కరి ఆధార్ కార్డు చూసి సున్నా టిక్కెట్టు కొట్టాలి. ఒక్క టిక్కెట్టు తప్పిపోయి చెకింగ్ వాళ్లు ఎక్కితే సంజాయిషీ రాసుకోవాలి. పైగా మగవాళ్ల గోల.

"దుడ్లు ఇచ్చినోళ్లం నిలబడాల, ఇయ్యనోళ్లు కూచోవాలనా? ఏందమ్మా ఈ న్యాయం?"

"నన్నడిగితే నేనేం చెప్తానన్నా? నేనూ నిలబడే ఉండా కదా!"

ఇవన్నీ ఒక ఎత్తు, గురువారం ఒక ఎత్తు. రామేశ్వరమ్మకు మోకాళ్ల నొప్పులు. నంద్యాలలో కరెంటు పెట్టించుకుంటే తగ్గుతాయని డాక్టరు చెప్పాడట. టిక్కెట్టు లేదు కదా అని ఆమె ప్రతి గురువారం ప్రసన్నకుమారి బస్సుకే వచ్చి, డ్రైవరు వెనక సీట్లో కాళ్లు చాపుకుని కూర్చునేది. బస్సు ఊరు దాటుతుండగానే మొదలుపెట్టేది.

"ఏమ్మే ప్రసన్నా, ఈ నెలది ఇంకా రాలేదే?"

"వస్తాది పెద్దమ్మా. జీతం పడనీ."

"జీతం పడేది ఒకటో తేదీ కదా? ఈ పొద్దు ఎంత?"

బస్సంతా చెవులు రిక్కించేది. ప్రసన్నకుమారి ముఖం కందగడ్డయిపోయేది. రోడ్డు మీద కుక్కపిల్ల కూడా అడ్డం లేకపోయినా మహేష్ హారన్ మోగిస్తూ పోయేవాడు. ఆ మోతలో తక్కిన మాటలు మునిగిపోయేవి. అతను చేయగలిగిన సాయం అదే.

ఇంటికి చేరేసరికి ఆమెలో మిగిలేది కోపం ఒక్కటే. ఇంట్లో వంట దేవరాజుదే. లారీ మీద తిరిగిన రోజుల్లో రోడ్డు పక్కన స్టవ్వు పెట్టుకుని వండుకోవడం అలవాటు. కాలు విరిగాక ఆ అలవాటే ఇంటికి దిక్కయింది. తెల్లారేసరికి జొన్నరొట్టెలు కాల్చి, పప్పో పుల్లగూరో చేసి భార్యకు క్యారియర్ కట్టిచ్చేవాడు. కూతురు అక్షయ నంద్యాలలో డిగ్రీ చదువుతోంది. ఆ పిల్లకూ డబ్బా కట్టేవాడు.

ఒక బుధవారం సాయంత్రం అక్షయ మెల్లగా అడిగింది.

"అమ్మా, కాలేజీ వాళ్లు బెలుం గుహలకు తీస్కపోతాండారు. మూడు వందలు కట్టాలంట."

"గుహలు చూసి ఏం చేస్తావే? మన ఇల్లే గుహ మాదిరి ఉండాది. దీన్ని చూడు, చాలు."

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. పెనం మీద రొట్టె తిప్పుతున్న దేవరాజు అన్నాడు, "పిల్లనెందుకు అంటావ్? అనేదేదో నన్నను."

"నిన్ననేదానికేముండాది? నువ్వు సల్లగా ఇంట్ల కూచోని గరిటె తిప్పుతాండావ్. బయట తిరిగేదానికి తెలుస్తాది."

అనేశాక నాలుక కరుచుకుంది కానీ మాట బయటికొచ్చేసింది. దేవరాజు రొట్టె దించి, ఇద్దరికీ వడ్డించి, తాను వీధి మెట్టు మీద కూర్చుని రాడ్డున్న కాలును నిమురుకుంటూ ఉండిపోయాడు. ప్రసన్నకుమారి కంచం ముందు కూర్చుంది కానీ రొట్టె సగంలోనే వదిలేసింది. పొద్దున లేచి చూస్తే క్యారియర్ ఎప్పటిలాగే గూట్లో సిద్ధంగా ఉంది. ఆమె కాఫీ కూడా తాగకుండా దాన్ని తీసుకుని డిపోకు వెళ్లిపోయింది.

ఆ రోజు గురువారం. బస్సు కిటకిటలాడుతోంది. శిరివెళ్ల మెట్ట దగ్గర ఇంకో గుంపు ఎక్కింది. టిక్కెట్టు మిషన్లో కాగితం ఇరుక్కుంది. వెనక ఎవరో చిల్లర కోసం అరుస్తున్నారు, ముందు ఒక పాప ఏడుస్తోంది. రామేశ్వరమ్మ "ఏమ్మే ప్రసన్నా" అని మొదలుపెట్టింది. ప్రసన్నకుమారికి ఆ గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు వినిపించింది. ఒళ్లంతా చెమట. పట్టుకున్న కమ్మీ చేతిలోంచి జారింది. ఆమె నిలువునా వచ్చి రామేశ్వరమ్మ మోకాళ్ల మీదే పడిపోయింది.

"అయ్యో నా మోకాళ్లు!" అని అరిచిన రామేశ్వరమ్మ, మరుక్షణమే ఆమె తలను ఒళ్లోకి తీసుకుంది. "మహేషూ! యాడా ఆపొద్దు. నేరుగా నంద్యాల ఆస్పత్రికి పోనీ!"

"నేను ముందర స్టాపులో దిగాల!" అన్నాడు వెనక నుంచి ఎవరో.

"ఆస్పత్రి కాడ దిగి నడిచి రాప్పా, ఒళ్లు తగ్గుతాది!"

డబ్బు సంచీ ప్రసన్నకుమారి భుజం నుంచి జారింది. రామేశ్వరమ్మ దాన్ని తీసి తన కొంగు కింద పెట్టుకుని రెండు చేతులతో అదిమి పట్టుకుంది. ఆస్పత్రిలో కూడా వదల్లేదు. డిపో నుంచి మనిషి వచ్చి అడిగితే, "ఈడనే, నా కండ్ల ముందర లెక్క చూసుకొని తీసుకో. రేపు ఆ పిల్ల మీద ఒక్క రూపాయి తక్కువొచ్చిందనొద్దు," అని కూర్చోబెట్టి మరీ అప్పగించింది.

ప్రసన్నకుమారి కళ్లు తెరిచేసరికి చేతికి సెలైన్ ఉంది. పక్కన స్టూలు మీద రామేశ్వరమ్మ కూర్చుని ఆమె క్యారియర్ విప్పి తింటోంది.

"కరెంటు పెట్టించుకునే టైము పాయ. ఆకలైతాండాది, తింటాండా," అంది ఏమాత్రం మొహమాటం లేకుండా. "రక్తం లేదంట నీకు. నిద్ర లేదంట. బీపీ యాడికో పోయిందంట. డాక్టరమ్మ నన్ను తిడతాంది, నేను మీ అమ్మననుకొని."

ప్రసన్నకుమారికి ఏడుపొచ్చింది. "ఈ నెలది..."

"నోరు మూసుకో. ఈ చుక్కాకు పప్పు ఎవరు చేసినారు?"

"మా ఆయన."

"దేవరాజా?" రామేశ్వరమ్మ వేళ్లు నాకింది. ఎవరింటి కూడు తింటున్నదీ ఆమెకు గుర్తొచ్చిందో లేదో కానీ, గిన్నె మాత్రం ఖాళీ అయింది. "నా కోడలు చేస్తాది పప్పు, పశువులకు పెట్టే తవుడు మాదిరి."

గిన్నె పక్కన పెట్టి, ఆమె అసలు సంగతికి వచ్చింది. "ఇంగ వడ్డీ వద్దులే. వీలైనప్పుడు అసలియ్యి."

"వద్దు పెద్దమ్మా. ఊరికే ఇడిసిపెడితే నాకు తిండి సహించదు. రెండు రూపాయలు కాకుంటే రూపాయి లెక్కన తీసుకో."

"నీ మొగం చూసి ఇడిసిపెడతాండాననుకుంటాండావా? నువ్వు చస్తే నా దుడ్లు ఎవరిస్తారు? సరే, రూపాయే ఇయ్యి. డబులు డ్యూటీ చేసినావని తెలిస్తే మాత్రం మళ్లా రెండు రూపాయలే." అని నవ్వింది.

మధ్యాహ్నం దేవరాజు కుంటుకుంటూ వచ్చాడు, వెనక అక్షయ. అతను మంచం పట్టె మీద కూర్చుని భార్య పాదం మీద చెయ్యి వేశాడు.

"రాత్రి నేనన్నది..." అంది ఆమె.

"నిజమే కదా అన్నావ్. గరిటె తిప్పుతానే ఉండా."

"నిజం కాదు. ఆ గరిటె లేకుంటే ఈ నాలుగేండ్లు నేను డ్యూటీ చేసుండలేను. నోటి దూల నాది. క్షమించు."

అతను తల పక్కకు తిప్పుకున్నాడు. రామేశ్వరమ్మకు ఇలాంటి మాటలు ఎక్కువసేపు వినే ఓపిక లేదు. "ఏమప్పా దేవరాజూ, ఆళ్లగడ్డలో ఆ శిల్పాల కాడ పనోళ్లు ఏం తింటారు?"

"యాడో హోటల్లో తింటారు పెద్దమ్మా."

"నీ చేతి కూడు వాళ్లకెందుకు పెట్టవు? దుడ్లియ్యరా వాళ్లు?"

అతని ముఖం మారిపోయింది. "ఆడ నేను లారీ ఓనరుగా తిరిగినోణ్ని. ఇప్పుడు క్యారియర్లు మోసుకుంటా పోవాలనా?"

"లారీ ఉన్నన్నాళ్లు రాళ్లు మోసినావు. ఇంగ కూడు మోస్తావు. ఏది బరువు, చెప్పు?"

అతను ఖాళీ క్యారియర్ సర్దడంలో పడ్డాడు. ప్రసన్నకుమారి పది రోజులు సెలవులో ఇంట్లో ఉన్నా ఆ ఊసెత్తలేదు. ఒత్తిడి పెడితే మొండికేస్తాడని ఆమెకు తెలుసు. అక్షయకు మూడు వందలిచ్చి బెలుం పంపింది. ఆ పిల్ల తిరిగొచ్చి లోపలి చల్లదనం గురించి గంటసేపు చెబితే ఇద్దరూ విన్నారు. అలా ఒక సోమవారం పొద్దున దేవరాజు ఎవరూ చెప్పకుండానే నాలుగు డబ్బాలు కట్టాడు.

"యాడికి?" అంది ఆమె.

"శ్యాంసుందర్ కాడికి పోయొస్తా. ఊరికే. రుచి చూపిద్దామని."

ఆమె తోడు వెళ్లింది. శ్యాంసుందర్ శిల్పి, ఆళ్లగడ్డ రోడ్డు పక్కన అతని శాల. రెప్పల మీద రాతి పొడి దట్టంగా పట్టి ఉంది. దేవరాజు గేటు దగ్గరే ఆగిపోయాడు. లోపలికి ఒక్క అడుగు పడలేదు. శ్యాంసుందర్ తలెత్తి చూసి ఉలి కింద పడేసి వచ్చాడు.

"దేవన్నా! నాలుగేండ్లు యాడ పోయినావప్పా? ఒక్కసారన్నా ఇటు రాలేదే? నీకు మేమేం పాపం చేసినాం?"

డబ్బాల వైపు గానీ, కాలి వైపు గానీ అతను చూడనే లేదు. పనివాళ్లు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ మూగారు. దేవరాజు డబ్బాలు వాళ్ల చేతుల్లో పెట్టి, "తిని చెప్పండప్పా," అన్నాడు. ప్రసన్నకుమారి కొంచెం ఎడంగా నిలబడి, ఎండకు కళ్లు మూసుకున్నట్టు నటించింది.

మరుసటి రోజు ఎనిమిది డబ్బాలు. నెల తిరిగేసరికి వేరే శాలల వాళ్లూ అడిగారు. ఒక పాత స్కూటరు కొన్నారు. ఫోన్లో ఎవరికెన్ని డబ్బాలో రాసుకోవడం అక్షయ వంతు. పొద్దున్నే రొట్టెలు తట్టాల్సి వస్తోందని ఆ పిల్ల సణుగుతూనే, తట్టిన రొట్టె గుండ్రంగా వస్తే ఫోటో తీసి స్నేహితురాళ్లకు పంపుకునేది. ప్రసన్నకుమారి డబుల్ డ్యూటీలు మానేసింది. బస్సులో రద్దీ తగ్గలేదు, మిషన్ మొరాయించడం మానలేదు. కానీ వేళకు తిని వేళకు పడుకున్న మనిషికి అదే రద్దీ కాస్త ఇరుకు సందులా కనిపించిందంతే, గోడలా కాదు.

అసలు కొంచెం కొంచెం కరిగింది. మరుసటి ఏడు శనగలు ఇళ్లకు చేరే వేళకు ఆఖరి కంతు కట్టేశారు. రామేశ్వరమ్మ డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకుని, నోటు తెచ్చి వాళ్ల ముందే చింపి, "కూచోండి, కాఫీ తాగిపోదురు. బేగా పెట్టే కోడలు పుట్టింటికి పోయింది, నేనే పెట్టాల, ఆలస్యమైతాది," అంది. ఆలస్యమే అయింది. వాళ్లు కూర్చున్నారు.

ఆ ఆదివారం ప్రసన్నకుమారి చాలా కాలానికి ఆరాధనకు వెళ్లింది. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్లున్నారా అని పాస్టరు గారు అడిగితే లేచి నిలబడింది. రోజంతా బస్సులో మాట్లాడే మనిషికి అక్కడ మాట రాలేదు. "దేవుడు మా బాకీ తీర్చినాడు," అంది. భర్త కూర్చున్న వైపు చూసింది. "మా ఆయన చేతి మీదుగా తీర్చినాడు." ఇంకేం చెప్పాలో తోచక, "వచ్చే ఆదివారం అందరూ మా ఇంట్లో భోంచేయాల," అని కూర్చుండిపోయింది.

మగవాళ్ల వైపు నుంచి దేవరాజు తల తిప్పి చూసిన చూపు సంఘమంతా చూసి నవ్వింది.

"అందరూ అంటే ఎంతమందే?" అన్నాడు బయటికొచ్చాక.

"వచ్చినంతమంది."

చాలామందే వచ్చారు. మహేష్ భార్యాపిల్లలతో వచ్చాడు. శ్యాంసుందర్ పనివాళ్లు కడవల్లో నీళ్లు మోశారు. రామేశ్వరమ్మ ఆటోలో దిగింది. చాప మీద కూర్చోలేదని ఆమెకు కుర్చీ వేశారు. అక్షయ విస్తళ్లు పరిచింది. ప్రసన్నకుమారి వడ్డించబోతే దేవరాజు ఆమె చేతిలోని గిన్నె తీసుకుని, "నువ్వు కూచో," అని మొదటి పంక్తిలో కూర్చోబెట్టాడు. అంతమందికి ఒక్కసారి వండటం అతనికి కొత్త. పప్పులో ఉప్పు కాస్త తగ్గింది. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు, రామేశ్వరమ్మ తప్ప.