అటక మీది కురిడీ కాయలు

మా మనవరాలు యూనివర్సిటీలో అప్లైడ్ మ్యాథమెటిక్స్ ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతుండగా, మా అటక మీది ఇరవై నాలుగు కొబ్బరికాయలకి పెన్నుతో నంబర్లు వేసింది. కురిడీ కోసం దాచిన కాయలవి. నెలలు గడిచేకొద్దీ లోపలి నీళ్ళు ఇంకి, కొబ్బరి ఎండి, ఊపితే గడగడలాడుతుంది. ఆ ఎండడాన్ని లెక్కలో పెట్టడమే దాని ప్రాజెక్టు.

“ఏ కాయ ఎప్పటికి కురిడీ అవుతుందో ఇంక కాగితం మీదే చెప్పచ్చు మామ్మా.”

“ఊపితే తెలిసేదానికి ఎమ్మెస్సీ ఎందుకే?” అన్నాను.

అన్నానే గాని, ప్రతి ఆదివారం కాయలు ఒక్కొక్కటే దించి, అది కొనితెచ్చిన కాటా మీద తూచి, హాస్టలుకి ఫోన్ చేసి చెప్పేదాన్ని. నేను చదివింది మూడో తరగతే అయినా అంకెలు తప్పను.

ప్రాజెక్టు ఇవ్వడానికి పది రోజులుందనగా మొహం వేలాడేసుకుని వచ్చింది. దాని లెక్క ఒకటి చెబుతుంటే నా తూకాలు ఇంకొకటి చెబుతున్నాయట. త్వరగా ఎండుతున్న కాయ ఉన్నట్టుండి నెమ్మదిస్తోంది, నెమ్మదిగా ఎండేది పరుగెడుతోంది. ఇది కుదరకపోతే పట్టా ఆరు నెలలు వెనక్కి పోతుంది.

“తూకాలు తప్పు రాసేరేమో అంటున్నారు మా సార్.”

“నా తూకం తప్పా? మీ సార్ని వచ్చి తూచుకోమను.”

నిచ్చెనెక్కి చూసి అక్కడే ఆగిపోయింది. “పొయ్యి పైనుండాల్సిన కాయలు గోడవైపున్నాయేంటి? ఎవరు మార్చేరు?”

“నేనే.”

గ్యాసు ఉన్నా మా ఇంట్లో స్నానానికి నీళ్ళు కాగేది కొబ్బరి డొక్కల పొయ్యి మీదే. దాని పైనున్న వరస ముందు ఎండిపోతుంది, గోడవైపు వరస వెనకబడుతుంది. అన్నీ ఒకేసారి అందిరావాలని ఆ రెండు వరసల్నీ అటూ ఇటూ మార్చడం మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాను.

“చెప్పలేదేం మామ్మా?”

“నువ్వు అడిగేవా?”

నిచ్చెన మెట్టు మీదే కూర్చుండిపోయింది. దురుసుగా అన్నానని నాకే అనిపించింది.

“అమావాస్య అమావాస్యకే మారుస్తాను. ఎదురెదురు కాయలే మారతాయి. ఎప్పుడూ వరస తప్పలేదు,” అన్నాను.

తలెత్తింది. “ఖచ్చితంగానా?”

“నలభై ఏళ్ళ నుంచీ.”

గోడ మీది క్యాలెండరు ఊడదీసుకుని అమావాస్యలన్నీ రాసుకుంది. రెండు రోజులు కంప్యూటరు ముందు నుంచి లేవలేదు. మూడోనాడు పొద్దున్నే నన్ను పిలిచి గీత చూపించింది. నా తూకాల చుక్కలు దాని గీత వెంట చీమల బారులా నడుస్తున్నాయి.

వారం తరవాత, సార్ ఒప్పుకున్నారని ఫోన్ చేసింది. ఆఖర్న గొంతు తగ్గించి, “కాయలు పగలగొట్టి లోపలి తేమ కూడా చూడమన్నారు మామ్మా,” అంది.

“ఎన్ని?”

“అన్నీ.”

“రెండు ఇస్తాను. మిగతావి కాగితం మీదే చెప్పచ్చన్నావుగా.”