పచ్చజొన్న విత్తనం అడిగినందుకు

మా పచ్చజొన్నను మా చేతనే పోగొట్టించినారు, ఇవాళ దాన్నే రంగు సంచిలో పోసి ఒంటికి మంచిదని మాకే చెబుతున్నారు. మొన్న మనుమరాలు మంచిర్యాల నుంచి ఆ సంచి కొనుక్కొచ్చి, ఇది తింటే షుగరు తగ్గుతుందట తాతా అన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

నా ఈడువాళ్ళకు చెప్పనక్కర లేదు, ఆ రోజుల్లో లక్సెట్టిపేట చుట్టుపక్కల విత్తనమంటే ఆడవాళ్ళ సొత్తు. కోతకు ముందే మా అవ్వ, నన్ను కన్న తల్లి, చేనంతా తిరిగి నిండు కంకులు ఏరి, ఆ గింజల్లో వేపాకూ బూడిదా కలిపి కుండలో దాచేది. అడిగినవాళ్ళకు చాటలో పోసి ఇచ్చేదే తప్ప అమ్మేది కాదు, విత్తనం అమ్మిన ఇంట్లో గింజ నిలవదని మా దిక్కు నమ్మకం. అరవైల నడుమ హైబ్రీడు జొన్న వచ్చింది. సర్కారు పంపిన గ్రామసేవకుడు ఇల్లిల్లూ తిరిగి చెప్పగా ఊరంతా అదే వేసింది, పంట విరగకాసింది కూడా, అబద్ధమెందుకు. పాత కుండల్లోని పచ్చజొన్న రొట్టెలకే సరిపోయింది. అవ్వ ఎప్పటిలాగే కొత్త చేనులోనూ మంచి కంకులేరి దాచింది. ఆ గింజ మళ్ళీ విత్తితే తల్లిలా రాదని మాకెవరూ చెప్పలేదు.

మరుసటి ఏడు చేనులో ఒక మొక్క నడుమెత్తు, పక్కది మోకాలెత్తు, సగం కంకులు తాలు. చిన్నాయన గట్టు మీద నిలబడి, "ఏం వదినె, జొన్న దాస్తివా, గడ్డి దాస్తివా?" అన్నాడు.

"కంకి ఏరింది నేనే గని, దాని బుద్ధి నాకేం ఎరుక మరిదీ" అన్నది అవ్వ, నవ్వకుండా.

గ్రామసేవకుణ్ణి అడిగితే ఇక ఏటేటా కొనుక్కోవాలన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. "కొనుక్కునేది విత్తనమెట్లయితది బిడ్డా? గిద్దెడు పచ్చజొన్న తెచ్చియ్యి, మిగిలింది నేను జూసుకుంట" అని నా వెంటపడింది. పక్క ఊళ్ళలోనూ కుండలు ఖాళీ. మా చేత మాన్పించినవాళ్ళు కొంతయినా ఎక్కడో దాచి ఉంటారని, విత్తే అదను దాటిపోతుంటే వ్యవసాయ ఆఫీసు చుట్టూ తిరిగాను. నన్ను కూర్చోమన్నవాడు లేడు, పొమ్మన్నా నేను కదలలేదు. ఇప్పటి పిల్లలకు విత్తనం దుకాణంలో దొరికే సరుకు, దాని కోసం ఒక మనిషి అట్లా నిలబడ్డాడంటే వింతగా చూస్తారు. నిలబడ్డందుకు నాకు సిగ్గు లేదు. చివరికి కోస్తా నుంచి వచ్చిన పెద్ద అధికారి గదిలోంచి బయటికి వస్తే ఎదురుపోయి, మా విత్తనం మాకు ఇప్పియ్యుండ్రి సారూ అన్నాను. ఆయన కోపం చేయలేదు, జాలిపడే జవాబిచ్చాడు.

"అమెరికా నుంచి ఓడల్లో ఎర్రజొన్నలు వస్తున్నాయి కదయ్యా, రేషన్లో ఇప్పిస్తాను, తీసుకెళ్ళి తినండి. తినేవాడికి విత్తనంతో పనేంటి?"