ఇరవైలో కుదుపు, యాభైలో ఊయల

మా వీధిలో బళ్ల వేగం తగ్గించాలని నేను పూనుకున్నాను. ఫలితంగా మా వీధిలో బళ్ల వేగం పెరిగింది. ఈ రెండు వాక్యాల మధ్య జరిగిన ఘోరమంతా ఇప్పుడు చెప్పబోతున్నాను. మెకానికల్ ఇంజనీరింగ్ చదివినవాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడే ఆపేసి వేరే పని చూసుకోండి. మీ పరువూ నా పరువూ ఒకటే.

మాది గాజువాక పక్కన ఒక పాత కాలనీ. మా వీధి సన్నం. నా చిన్నప్పుడు అందులోకి బండి వస్తే, ఎవరింటికి వచ్చిందా అని రెండు వైపులా కిటికీలు తెరుచుకునేవి. తరవాత వీధి చివరి ఖాళీ స్థలంలో అపార్టుమెంట్లు లేచాయి. వాటి వెనక నుంచి హైవేకి దారి పడింది. పెద్ద రోడ్డు మీది సిగ్నల్ తప్పించుకోవాలంటే మా వీధే అడ్డదారి అని ఎవరో కనిపెట్టారు. కనిపెట్టి ఊరుకోలేదు, ఊరందరికీ చెప్పారు.

వీధి మొదట్లో ఒక బోర్డు ఉండేది. ఎర్రటి గుండ్రం, మధ్యలో ఇరవై. దాన్ని తూచా తప్పకుండా పాటించేవాళ్లు మా వీధి మొత్తానికి ముగ్గురు. ఒకటి, అరటిపళ్ల తోపుడుబండి. రెండు, రోడ్డు మధ్యలో పడుకునే గేదె. మూడు, మా తాత.

తాత పోర్టులో క్రేన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. మోకాళ్లు అరిగిపోయాయి కానీ గొంతు అరగలేదు. ఇంటికి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతల, నూకాలు టీ బడ్డీ. బడ్డీ ముందు బెంచీ. బెంచీ మీద ఒక చివర జాన్ మాస్టారు. ఆయన మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. రెండో చివర తాత. ఊహ తెలిసినప్పటి నుంచీ నేను చూస్తున్నది అదే బొమ్మ. తాత రావడం ఆలస్యమైతే మాస్టారు తన గొడుగుని ఆ చోట పడుకోబెట్టి, ఎవరినీ కూర్చోనిచ్చేవారు కాదు.

అడ్డదారి మొదలయ్యాక ఒకరోజు తాత రోడ్డు మధ్యలో ఉండగా ఒక బండి ఆయన పంచె అంచుని తాకుతూ వెళ్లింది. మర్నాటి నుంచి తాత రోడ్డు దాటలేదు. మా అరుగు మీద కూర్చుని, అవతలి బెంచీతో అరిచి మాట్లాడడం మొదలుపెట్టాడు.

"మాస్టారూ! కరెంటు బిల్లులు పెరుగుతాయా?"

"ఆ! ఈ నెల నుంచి..." బుర్ర్ మని ఒక బండి.

"ఏటీ? ఈ నెల నుంచి ఏటీ?"

"తగ్గి..." బుర్ర్ర్ మని ఇంకో బండి.

"తగ్గిపోతన్నాయా!"

"కాదయ్యా! తగ్గించి వాడుకోమన్నారు!"

అమ్మ ఇంట్లోనే టీ పెట్టి ఇచ్చింది. తాత గ్లాసు పక్కన పెట్టేశాడు. "టీ కోసం ఎల్తాననుకున్నావేటే?" అన్నాడు. ఆ తరవాత అరవడం కూడా తగ్గించేశాడు. అవతల మాస్టారి గొడుగు మాత్రం రోజూ బెంచీ మీద పడుకునే ఉండేది.

అది చూడలేకపోయాను. నాకప్పుడు డిగ్రీ చేతికొచ్చింది, ఉద్యోగం రాలేదు. మనిషి జీవితంలో ఇంతకంటే ప్రమాదకరమైన దశ ఇంకోటి లేదు. తల నిండా సూత్రాలుంటాయి, చేతి నిండా ఖాళీ ఉంటుంది.

ముందు సమస్యని కొలవాలి అనుకున్నాను. రోడ్డుకి అడ్డంగా రెండు సున్నం గీతలు గీశాను. వాటి మధ్య దూరం టేపుతో కొలిచాను. బండి మొదటి గీత దాటగానే ఫోన్‌లో వాచీ నొక్కాలి, రెండోది దాటగానే ఆపాలి. పిల్లలు వాలీబాల్ కోర్టనుకుని నెట్ ఎక్కడ కడతావని అడిగారు. సాయంత్రానికి శాస్త్రీయంగా తేలిందేమిటంటే, అందరూ వేగంగా వెళ్తున్నారు. ఈ సంగతి మా ఇంటి ముందున్న గేదెకి కూడా తెలుసు. కానీ నాకు దశాంశంతో సహా తెలిసింది.

ఆ రోజు నాకు దొరికిన వేగవంతుల్లో మా సింహాచలం ఒకడు. మా మేనమామ కొడుకు. స్టీల్ ప్లాంటు లోపల ఒక కాంట్రాక్టరు దగ్గర డంపర్ నడుపుతాడు. వాణ్ని ఆపి నిలదీశాను.

"బావా, ప్లాంటు లోపల నీ డంపర్ ఎంతలో నడుపుతావ్?"

"ఇరవై. అంతకి మించితే ఊరుకోరు."

"మరి ఇక్కడ బోర్డు మీద ఎంత రాసుంది?"

"అదీ ఇరవయ్యే."

"మరి?"

"అక్కడ మించితే గేటు కాడ పాసు లాక్కుంటారు బావా. ఇక్కడ నువ్వేటి లాక్కుంటావ్, నా లంచ్ బాక్సా?"

ఆ మాటతో నాకొక ఆలోచన వచ్చింది. మనిషి అంకెకి భయపడడు, నడుముకి భయపడతాడు. స్పీడ్ బ్రేకర్ కట్టాలి.

మా ఊళ్లో వీధి స్పీడ్ బ్రేకర్లు ఎలా పుడతాయో మీకు తెలిసే ఉంటుంది. ఎక్కడో స్లాబు వేస్తారు, కాస్త కాంక్రీటు మిగులుతుంది, తెల్లారేసరికి ఆ వీధిలో ఒక గట్టు వెలుస్తుంది. పర్మిషన్ ఎవరూ అడగరు, ఎవరూ ఇవ్వరు. కానీ నేను ఇంజనీరుని. అలా అడ్డదిడ్డంగా కట్టను. ముందు డ్రాయింగు వేశాను. నెమ్మదిగా లేచి, నెమ్మదిగా దిగే వెడల్పాటి గట్టు. సింహాచలం ఇంకో అపార్టుమెంటు కడుతున్నవాళ్లని అడిగి మిగిలిన కాంక్రీటు తోపుడుబండిలో వేయించుకొచ్చాడు.

సగం పోసేసరికి కాంక్రీటు అయిపోయింది.

"బావా, వెడల్పుకి సరిపోదు. ఎత్తు తగ్గించేద్దామా?"

ఇక్కడే నా నోట ఆ చారిత్రక వాక్యం వచ్చింది. "ఎత్తు తగ్గిస్తే అది స్పీడ్ బ్రేకర్ ఎలా అవుతుంది? వెడల్పు తగ్గించు."

"నీ ఇష్టం. సదువుకున్నోడివి."

అలా మా ఇంటి ముందు వెడల్పాటి గట్టు కాస్తా జానెడు మందాన నిక్కపొడుచుకుని నిలబడింది. రోడ్డు మీద ఎవరో రుబ్బురోలు పొత్రం పడుకోబెట్టినట్టుంది. నాకు మాత్రం అందంగానే కనబడింది.

కాంక్రీటు గట్టిపడాలంటే కొన్ని రోజులు తడి ఆరకూడదు. గోనెసంచులు తడిపి దాని మీద కప్పాం. వీధికి రెండు వైపులా డ్రమ్ములు పెట్టి తాడు కట్టాం. తాత తనంతట తానే నీళ్ల పని తీసుకున్నాడు. పొద్దున్నే చెంబు పట్టుకుని అరుగు దిగాడు, గోనెల మీద నీళ్లు చల్లాడు, అటూ ఇటూ చూశాడు. రోడ్డు ఖాళీ. చెంబుతోనే నడుచుకుంటూ వెళ్లి బెంచీ ముందు నిలబడ్డాడు. జాన్ మాస్టారు గొడుగు తీశారు.

సాయంత్రానికి బెంచీయే రోడ్డు మధ్యలోకి వచ్చేసింది. మర్నాడు ఇంకో రెండు కుర్చీలు. ఆడవాళ్లు బియ్యం చాటలు పట్టుకుని గడపల మీద కాక రోడ్డు మీదే కూర్చున్నారు. పిల్లలకి నిజంగానే నెట్ దొరికింది. తాత, మాస్టారు అరవకుండా మాట్లాడుకున్నారు. పాత పోర్టు కబుర్లు, వన్ టౌన్‌లో అద్దెకున్న ఇల్లు, ఓడ కూతని బట్టి మాస్టారు బడి గంట కొట్టించిన రోజు. నా చిన్నప్పటి వీధి మళ్లీ వచ్చినట్టుండేది. చీకటి పడితే వేయించిన చేపల వాసన, ఎవరింట్లోదో రేడియో. నేను గోనెల పక్కన కూర్చుని, ఇదంతా నా గట్టు మహిమే అని పొంగిపోయేవాణ్ని.

ఒక్క సంగతి గమనించాను కానీ పట్టించుకోలేదు. ఇరవై బోర్డుని కన్నెత్తి చూడనివాళ్లు, దూరం నుంచి తడి గోనె కనబడగానే బ్రేకు వేసి, బండి దిగి, "ఎప్పటికి ఆరుతాదండీ?" అని వినయంగా అడిగి, తోసుకుంటూ వెనక్కి పోయేవారు.

గట్టు ఆరింది. డ్రమ్ములు తీసేశాం. నిమ్మకాయ, కొబ్బరికాయ, పసుపు, అన్నీ అయ్యాయి. మొదట వచ్చింది చేపల అప్పన్న. ఆయన మోపెడ్ మీద వెనక తట్ట పెట్టుకుని, గట్టు చూసి మర్యాదగా నెమ్మదించి, అచ్చం ఇరవైలో ఎక్కాడు. దబ్ మంది. తట్ట లేచింది. అందులోని కానాగంత చేపలు గాల్లోకి ఎగిరి, సముద్రంలో కూడా ఎగరనంత ఎత్తు ఎగిరి, రోడ్డు మీద పడ్డాయి. వీధి పిల్లులకి ఆ రోజు పండగ.

"ఏటి బాబూ ఇది? గట్టా, కొండా? నడుం ఇరిగిపోనాది!"

"నెమ్మదిగా రావాలి అప్పన్నా!"

"ఇంకెంత నెమ్మదిగా రావాలి? బండి బుజానేసుకు రావాలా?"

చేపలు ఏరుతూ ఉండగానే వెనక ఒక కుర్రాడు బైకు మీద దూసుకొచ్చాడు. నేను కళ్లు మూసుకున్నాను. కళ్లు తెరిచేసరికి వాడు వీధి చివర ఉన్నాడు. గట్టు ఉందని వాడికి తెలిసినట్టే లేదు.

ఇంకొకడు వచ్చాడు. అంతే. మూడోవాడు. అంతే. అప్పుడు నాకు సెమిస్టరు పరీక్షల్లో రాసి మరిచిపోయిన ముక్క గుర్తొచ్చింది. గట్టు వెడల్పు తక్కువైతే నెమ్మదిగా వెళ్లేవాడు పూర్తిగా ఎక్కి పూర్తిగా పడతాడు. వేగంగా వెళ్లేవాడికి, దెబ్బ తగిలిందని బండి ఒంటికి తెలిసేలోపే చక్రం దాటిపోతుంది, మిగతాది స్ప్రింగు మింగేస్తుంది. అంటే నేను నియమం పాటించేవాడి నడుము విరగ్గొట్టి, పాటించనివాణ్ని ఊయల ఊపే యంత్రం కట్టాను.

ఈ రహస్యం ఊరికి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. సింహాచలమే ప్రచారకర్త.

"బావా, నీ గట్టు సూపరు. ఇరవైలో ఎల్తే నడుం పోతాది. యాభైలో ఎల్తే ఉయ్యాలే! మావోళ్లందరికీ సెప్పేసినాను, కాస్త గట్టిగా రండెహె అని."

"ఎందుకు చెప్పావురా!"

"నువ్వు కట్టింది కాదేటి? పదిమందికీ తెలవాల కదా!"

ఇంత జరిగినా ఒక్క మనిషికి మాత్రం ఆ గట్టు మీద నమ్మకం పోలేదు. తాతకి. "నా మనవడు కట్టినాడు, నెమ్మదిస్తారు. కొత్త కదా, అలవాటవ్వాల" అని రోజూ అరుగు అంచున నిలబడి చూసేవాడు. నేను నిజం చెప్పలేకపోయాను. వెడల్పు చేసి మళ్లీ పోస్తానని మాత్రం మనసులో అనుకున్నాను. పోయలేదు.

ఒకరోజు మధురవాడలో నాకు ఇంటర్వ్యూ వచ్చింది. గాజువాక నుంచి మధురవాడ అంటే ఊరు ఈ చివరి నుంచి ఆ చివరికి. నేనేమో ఇస్త్రీ మడత సరిగ్గా రాలేదని మళ్లీ ఇస్త్రీ చేశాను. సర్టిఫికెట్లు వరస తప్పాయని మళ్లీ సర్దాను. హెల్మెట్ కింద దువ్వుకున్న తల చెదిరిందని వెనక్కొచ్చి దువ్వుకున్నాను. వీధి చివరికి వెళ్లాక సర్టిఫికెట్ల ఫైలు ఇంట్లోనే ఉందని గుర్తొచ్చి మళ్లీ వెనక్కొచ్చాను. ఫైలు తీసుకుని మూడోసారి బయల్దేరేసరికి ఒంట్లో రక్తం అంతా కుడి మణికట్టులోకి చేరింది. పక్కింటి ఆటో అడ్డంగా ఉండడంతో వీధి పైవైపు నుంచి చుట్టి, మళ్లీ మా ఇంటి ముందు గుండానే రావాల్సి వచ్చింది. యాక్సిలరేటర్ తిప్పాను. గట్టు కనబడింది. నెమ్మదిస్తే నడుము పోతుంది, ఇస్త్రీ పోతుంది. ఇంకాస్త తిప్పాను.

ఏం చెప్పను! ఊయలే. సింహాచలం అబద్ధం చెప్పలేదు. ఆ ఒక్క క్షణం, కట్టినవాడిగా నాకు గర్వం కూడా కలిగింది.

వెనక నుంచి గొంతు వినబడింది. పోర్టులో క్రేను చప్పుడు మీద వినబడిన గొంతు.

"ఓరి గుంటడా!"

ఆపి వెనక్కి చూశాను. తాత రోడ్డు మీద ఉన్నాడు. రెండడుగులు దిగి, మూడోది వెనక్కి తీసుకుని, అరుగు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన చెప్పు ఒకటి రోడ్డు మధ్యలో ఉంది. అవతల జాన్ మాస్టారు బెంచీ మీంచి లేచి, రెండు చేతులూ చాపి అలాగే ఉండిపోయారు. చేతిలో గొడుగు.

బండి వదిలేసి పరుగెత్తాను. చెప్పు తీసుకెళ్లి తాత కాలి దగ్గర పెట్టాను. తాత నన్ను ఎగాదిగా చూశాడు. నేను హెల్మెట్ తీశాను.

"నువ్వా!"

"నేనే తాతా."

"నీ గట్టు మీద నమ్మకంతో దిగినాన్రా. ఎవుడొచ్చినా ఆగుతాడు అనుకున్నాను." చెప్పులో కాలు దూర్చాడు. "వచ్చినోడివి నువ్వే."

ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, బెంచీ మీద కూర్చోబెట్టాను. మాస్టారు నీళ్లిచ్చారు. అప్పుడు బయల్దేరి, నిజంగా ఇరవైలోనే నడుపుకుంటూ మధురవాడ వెళ్లాను. ఆలస్యం ఎందుకైందని వాళ్లు అడిగారు. "స్పీడ్ లిమిట్ పాటించానండీ" అన్నాను. గదిలో ఉన్న ముగ్గురూ హాయిగా నవ్వారు. ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు.

మర్నాడే గడ్డపార పట్టుకుని గట్టు పగలగొట్టడం మొదలుపెట్టాను. సింహాచలం సుత్తి తెచ్చాడు. మళ్లీ డ్రమ్ములు, మళ్లీ తాడు. ముక్కల దుమ్ము లేవకుండా తడిపిన గోనెసంచి. బళ్లు దూరం నుంచే చూసి వెనక్కి తిరిగాయి. మధ్యాహ్నానికల్లా బెంచీ రోడ్డు మధ్యలోకి వచ్చింది. తాత, మాస్టారు టీ గ్లాసులు పట్టుకుని నా ఇంజనీరింగ్ ముక్కలవడం చూస్తున్నారు.

"ఒరే, మళ్లీ కడతావేటి?" అన్నాడు తాత.

"కట్టను తాతా. ఒట్టు."

"అలా అనీకు. కట్టు. కట్టేటప్పుడు బాగుంటాది. పగలగొట్టేటప్పుడూ బాగున్నాది." ఒక గుక్క తాగాడు. "పూర్తి మాత్రం సెయ్యకు."

అప్పుడు వెలిగింది, ఆలస్యంగా, నాకు అన్నీ వెలిగినట్టే. మా ఊరి బండివాళ్లు అంకెకి ఆగరు, గట్టుకి ఆగరు, ముసలాయనకి ఆగరు. తడి కాంక్రీటుకి మాత్రం ఆగుతారు, టైరుకి అంటుకుంటే కడుక్కోవాలి కదా. అప్పటి నుంచి రోజూ పొద్దున, సాయంత్రం, తాత దాటే వేళకి, రోడ్డు మధ్యలో ఒక డ్రమ్ము, దాని పక్కన తడిపిన గోనెసంచి. దాని కింద ఏమీ ఉండదు. ఇన్నాళ్లలో ఎవరూ ఎత్తి చూడలేదు.

ఇప్పుడు తాత లేడు. నాకు ఉద్యోగం ఉంది, ఆఫీసుకి ఇరవైలో బయల్దేరతాను. పొద్దున్న వెళ్లే ముందు గోనె తడుపుతాను. దాని పక్కనుంచి జాన్ మాస్టారు ఇటు దాటి వచ్చి, మా అరుగు మీద తాత కూర్చునే చోట కాసేపు కూర్చుంటారు. వచ్చేటప్పుడు ఆయన గొడుగు అవతల బెంచీ మీదే పడుకునుంటుంది.

కాబట్టి, చదివేవారందరి సాక్షిగా, కుడి చెయ్యి తడి గోనెసంచి మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఈ వీధి రోడ్డు మీద నేను మొదలుపెట్టిన ఏ పనినీ, ప్రాణం ఉండగా, పూర్తి చేయను.