విప్పించిన పూసలు

నిజామాబాద్ నుంచి బోధన్ పోయే బస్సులో నా పక్కన కూర్చున్న నడివయసు మనిషి పూసల పట్టీ అల్లుతున్నది. నాలుగేసి పూసలకు ఒక గడి, దాన్ని ఆనుకొని ఇంకో గడి. బీడీల పని మానాలని మొదలుపెట్టిందట. ఆ రోజు బోధన్‌లో దుకాణపాయనకు ఆ పట్టీ నచ్చితే పని ఇస్తాడట.

సూదిని ఒక గడిలో కుడికి, తర్వాతి గడిలో ఎడమకు తిప్పుతున్నది. పూసల పని నాకు రాదు. అయినా ఊరుకోలేదు.

"అన్నీ ఒక్క దిక్కే తిప్పాలె. గిట్ల అడ్డదిడ్డం తిప్పుతరా?" అన్నాను.

"మా అవ్వ గిట్లనే నేర్పింది బాపు."

"మీ అవ్వ ఏ బడిల చదివింది?"

ఆమె ఎడపల్లి వచ్చేలోపు సగం పట్టీ విప్పి, నేను చెప్పినట్టు మళ్లీ అల్లింది. గడులు వంకరపోయి దారం బయటపడ్డది. "అదే కుదురుకుంటది" అన్నాను. బోధన్‌లో మిగిలిన పూసలు కొంగున ముడేసుకొని, "పోయొస్త బాపు" అని దిగింది.

ఇంటికొచ్చి మనవరాలి పూసలతో అల్లి చూశాను. గడి గడికీ దిక్కు మారిస్తేనే అల్లిక చదరంగా నిలిచింది.

నేను బడికి పోలేదు. పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నాను. ఏ బడిల చదివినవని నన్ను అడిగినోళ్లను ఈ వయసులోనూ పేరు పేరునా తిట్టుకుంటాను. ఆమెకు తిట్టుకోవడానికి నా పేరైనా తెలియదు.