మెరిసే డ్రాగన్ కార్డు

ఈ రోజు ఐదో తరగతి పిల్ల ముందు తల దించుకున్నాను.

మా అమ్మాయి నిన్న బడిలో తన మెరిసే డ్రాగన్ కార్డు ఇచ్చేసి, రెండు మామూలు కార్డులు తెచ్చుకుంది. "ఎవరికిచ్చావే?" అన్నాను. కావ్యకట. పోయిన పంచాయతీ ఎన్నికల్లో మా మీద నిలబడ్డ వాళ్ళ పిల్ల. అంతే, నాకు ఒళ్ళు మండింది.

"ఇద్దరం ఇష్టపడే మార్చుకున్నాం నాన్నా" అంటున్నా వినకుండా ఉదయాన్నే బడికి పోయాను. పార్టీ సంగతి ఎత్తకుండా, పిల్లలు పాడైపోతున్నారని హెడ్మాస్టర్ మేడమ్ ముందు అరిచి, కార్డులాట మాన్పించాను. మా కార్డు వెనక్కి ఇప్పించమంటే కావ్యను పిలిపించారు. కంపాస్ బాక్సులోంచి కార్డు తీసి నా చేతిలో పెట్టి, "నా రెండు కార్డులు తెచ్చావా మామయ్యా?" అంది.

తేలేదు. అసలు ఆ ఊసే నాకు తట్టలేదు. అదే మా పార్టీ వాళ్ళ పిల్లయితే నవ్వి ఊరుకునేవాణ్ణి, అబద్ధమెందుకు?

సాయంత్రం మా అమ్మాయి ఆ రెండు కార్డులూ తెచ్చి నా ముందు పెట్టింది.

"మూడూ కావ్యకే ఇచ్చి రా. బళ్ళో మేం కార్డులు తియ్యగూడదంటగా, నువ్వే వాళ్ళింటికి పో."

ఎన్నికలప్పటి నుంచి నేను ఆ గడప తొక్కలేదు. కార్డులు చొక్కా జేబులో ఉన్నాయి. వాళ్ళ నాన్న తలుపు తీస్తే మొదటి మాట ఏమనాలో, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.